ఫ్యూయల్ ట్రిమ్ లాగ్ చేసి ఇంట్లోనే ఇంజిన్ నాడి పట్టడం ఎలా?

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నా పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ చలిజ్వరం వచ్చినట్టు వణికేది. యాక్సిలరేటర్ తొక్కితే మామూలే. చెక్ ఇంజిన్ లైట్ కూడా వెలగలేదు. గ్యారేజీలో చూపిస్తే ప్లగ్గులు మార్చారు, తగ్గలేదు. రెండోసారి వెళ్తే ‘ఆక్సిజన్ సెన్సర్ పోయినట్టుంది సార్, మార్చి చూద్దాం’ అన్నారు. ఆ ‘మార్చి చూద్దాం’ వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. చూడటం వాళ్ల వంతు, డబ్బులు నా వంతు.

ఇంటికొచ్చి, డ్రాయర్‌లో పడున్న ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌లోని అంకెల్ని ఫోన్‌కి పంపే చిన్న పరికరం) తగిలించి పావుగంట లాగ్ తీశాను, అంటే ఆ అంకెల్ని ఫైల్‌లో రాయించాను. స్లో స్పీడ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోల్ మోతాదుకి బండి చేసుకునే సవరణ, శాతంలో) +14.8 ఉంది. 2500 ఆర్‌పీఎమ్ దగ్గర +5.5కి పడిపోయింది. సెన్సర్ అబద్ధం చెబుతుంటే రెండు చోట్లా చెప్పాలి కదా, స్లోలో మాత్రమే ఎందుకు చెబుతుంది? ఎక్కడో దొంగగాలి పడుతోందని అప్పుడే అనుమానం వచ్చింది. చివరికి దొరికింది చిటికెన వేలంత చీలిక ఉన్న ఒక రబ్బరు గొట్టం.

ఆ లాగ్ ఎలా తీయాలో, ఎలా చదవాలో చెబుతాను. ఇది పెట్రోల్ బండ్ల సంగతి, గ్యాస్ కిట్ ఉన్నవాటికీ పనికొస్తుంది. డీజిల్ ఇంజిన్ పనితీరే వేరు, అక్కడ ఈ లెక్క నడవదు.

అసలు ఈ ట్రిమ్ అంటే ఏమిటి

పెట్రోల్ పూర్తిగా కాలాలంటే ఒక పాలు పెట్రోల్‌కి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఎంత గాలి లోపలికి వస్తోందో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) సెన్సర్లతో అంచనా వేసి, దానికి తగినంత పెట్రోల్ ఇంజెక్టర్లతో పోస్తుంది. అంచనా ఎప్పుడూ అంచనాయే. అందుకని పొగగొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సర్ పెట్టారు. కాలిన తర్వాత ఆక్సిజన్ మిగిలితే పెట్రోల్ తక్కువైందని, మిగలకపోతే ఎక్కువైందని అది చెబుతుంది. ఈసీయూ వెంటనే సరిచేసుకుంటుంది. ఆ సవరణ శాతమే ఫ్యూయల్ ట్రిమ్.

మజ్జిగ కలిపేవాళ్లను చూడండి. రుచి చూసి, చప్పగా ఉంటే చిటికెడు ఉప్పు వేస్తారు. అది షార్ట్ టర్మ్ ట్రిమ్, క్షణక్షణానికీ మారుతుంది. రోజూ చప్పగానే ఉంటోందంటే ‘ఈ ఉప్పులో పస లేదు, ఇకనుంచి చెంచా నిండా వేయాలి’ అని అలవాటు మార్చుకుంటారు. అది లాంగ్ టర్మ్ ట్రిమ్. ఇంజిన్ ఆపినా ఈసీయూ ఆ అలవాటు మర్చిపోదు. స్లోలో ఒక అలవాటు, హైవేలో ఇంకో అలవాటు, ఇలా ఆర్‌పీఎమ్, లోడ్ (ఇంజిన్ మీద పడే భారం) బట్టి గళ్లుగళ్లుగా రాసి పెట్టుకునే ఈసీయూలే ఎక్కువ. అందుకే యాక్సిలరేటర్ తొక్కగానే లాంగ్ టర్మ్ అంకె ఒక్కసారిగా మారిపోవచ్చు. అది తప్పు కాదు, గడి మారిందంతే.

ప్లస్ అంటే ఈసీయూ అదనంగా పెట్రోల్ పోస్తోంది, మైనస్ అంటే కోస్తోంది. ఇక్కడ చాలామంది తికమక పడతారు. +14 చూసి ‘అమ్మో, బండి 14 శాతం ఎక్కువ తాగేస్తోంది’ అనుకోవద్దు. సెన్సర్ లెక్కకు అందని గాలి లోపలికి వస్తోంది కాబట్టి దానికి సరిపడా పోస్తోంది. చివరికి మిశ్రమం సరిగ్గానే ఉంటుంది. సరిచేయలేనంత దూరం పోయినప్పుడే లైట్ వెలిగి, పీ0171 అనో పీ0172 అనో కోడ్ పడుతుంది. మొదటిది పెట్రోల్ తక్కువైందని, రెండోది ఎక్కువైందని. కోడ్ పడేదాకా ఆగకుండా ముందే కనిపెట్టడానికే ఈ లాగ్.

ఇంకొక్క ముక్క గుర్తుపెట్టుకోండి. షార్ట్, లాంగ్ రెండూ కూడితేనే నిజం తెలుస్తుంది. విడివిడిగా చూసి కంగారు పడినవాళ్లలో నేనూ ఒకణ్ని.

సామాను

ఓబీడీ సాకెట్ స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర ఉంటుంది. పదహారు పిన్నులు, కొంచెం వాలు అంచులున్న సాకెట్. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్4 కార్లలోనూ, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 కార్లలోనూ ఇంజిన్ డేటా మామూలు అడాప్టర్‌కే దొరుకుతుంది.

ఈఎల్ఎమ్327 రకం బ్లూటూత్ అడాప్టర్ చాలు. ఐఫోన్ అయితే వైఫైదో, బ్లూటూత్ లో ఎనర్జీదో తీసుకోవాలి. మరీ చవక నకళ్లు కొన్ని బండ్లతో మాట్లాడవు, మాట్లాడినా నత్తనడకే. డబ్బులు దండగైనా తిట్టుకోకుండా ఇంకోటి కొనండి. యాప్‌లలో టార్క్, కార్ స్కానర్, ఓబీడీ ఫ్యూజన్ లాంటివి ఉన్నాయి. మీరు ఎంచుకున్న యాప్ లాగ్‌ని సీఎస్‌వీ ఫైల్‌గా (కంప్యూటర్‌లో పట్టికలా తెరుచుకునే ఫైల్) ఇస్తుందో లేదో మాత్రం చూసుకోండి. తెరమీద గుండ్రటి మీటర్లు ఎంత అందంగా ఉన్నా, ఫైల్ చేతికి రాకపోతే ఏం లాభం?

వీటితో పాటు ఇంకో మనిషి కావాలి. బండి నడుపుతూ ఫోన్ చూడకూడదు, చూడకూడదంతే. నాకు మా బామ్మర్ది పక్క సీట్లో కూర్చుంటాడు.

ఏమేం లాగ్ చేయాలి

యాప్ తెరిస్తే వంద సెన్సర్ల పేర్లు కనిపిస్తాయి. అన్నీ టిక్ పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. అడాప్టర్ ఒక్కో విలువనీ వరసగా అడిగి తెచ్చుకుంటుంది. ఎన్ని ఎక్కువ అడిగితే ఒక్కోటి అంత ఆలస్యంగా వస్తుంది. పాత కె-లైన్ (డేటా నెమ్మదిగా పంపే పద్ధతి) బండ్లలో ఎనిమిది పెడితే ఒక్కోటి తిరిగి రావడానికి సెకను, ఒక్కోసారి రెండు సెకన్లు పడుతుంది. అప్పుడు ఒకే వరసలో కనిపించే ఆర్‌పీఎమ్, ట్రిమ్ వేర్వేరు క్షణాలవి అవుతాయి. డేటా వేగంగా పంపే క్యాన్ పద్ధతి ఉన్న బండ్లలో ఈ గొడవ తక్కువ.

నేను పెట్టేవి ఇవి: షార్ట్ టర్మ్ బ్యాంక్ 1 (బ్యాంక్ అంటే సిలిండర్ల వరస), లాంగ్ టర్మ్ బ్యాంక్ 1, ఆర్‌పీఎమ్, ఇంజిన్ లోడ్, కూలెంట్ టెంపరేచర్, ఫ్యూయల్ సిస్టమ్ స్టేటస్. వీటితో పాటు గాలి కొలిచే సెన్సర్ ఏది ఉంటే అది. నాలుగు సిలిండర్లు వరసగా ఉన్న ఇంజిన్‌కి మామూలుగా ఒకటే బ్యాంక్, రెండోది ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి.

ఫ్యూయల్ సిస్టమ్ స్టేటస్‌ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో అదే ముఖ్యం. అందులో 2 కనిపిస్తే క్లోజ్డ్ లూప్, అంటే ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట వింటోంది. 1 అంటే ఇంజిన్ ఇంకా వేడెక్కలేదు. 4 అంటే గట్టిగా తొక్కారు, లేదా కాలు పూర్తిగా తీసేసి బండిని వాలులో వదిలారు, ఆ సమయంలో సెన్సర్ మాట వినడం లేదు. 8 అంటే ఏదో లోపం వల్ల వినడం మానేసింది. కొన్ని యాప్‌లు అంకెకు బదులు మాటల్లో చూపిస్తాయి. క్లోజ్డ్ లూప్‌లో లేనప్పటి ట్రిమ్ అంకెలకు విలువ లేదు.

లాగ్‌లో ట్రిమ్ ఎప్పుడూ 0.78, 1.56, 2.34 అంటూ మెట్లుమెట్లుగా దూకుతుంది. యాప్ పాడైందనుకోకండి. ఈసీయూ ఆ విలువను 0 నుంచి 255 దాకా ఒకే ఒక్క అంకెగా పంపుతుంది. 128 అంటే సున్నా. అందులోంచి 128 తీసేసి, 100తో గుణించి, 128తో భాగిస్తే శాతం వస్తుంది. నా +14.8 నిజానికి 147 అన్నమాట. ఒక్క మెట్టు తేడా గురించి నిద్ర పాడుచేసుకోవద్దని చెప్పడానికే ఈ లెక్క.

బండి తిప్పడం

లాగ్ తీసేముందు కోడ్‌లు క్లియర్ చేయకండి, బ్యాటరీ తీయకండి. ఆ రెంటిలో ఏది చేసినా ఈసీయూ నేర్చుకున్న లాంగ్ టర్మ్ అలవాట్లు చెరిగిపోవచ్చు. మీకు కావాల్సిన సాక్ష్యమే అవి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బండిని బయట, గాలి ఆడేచోట పెట్టండి.

కూలెంట్ 80 డిగ్రీలు దాటేదాకా బండి నడిపి వేడెక్కించండి. తర్వాత ఏసీ, లైట్లు ఆపేసి, న్యూట్రల్‌లో మూడు నిమిషాలు స్లోలో వదలండి. ఆ తర్వాత యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కి 1500 దగ్గర ఒక నిమిషం, 2500 దగ్గర ఒక నిమిషం కదలకుండా పట్టుకోండి. ఇంట్లో చేయాల్సింది ఇంతే. నిజం చెప్పాలంటే సగం జబ్బులు ఇక్కడే బయటపడతాయి.

తర్వాత రోడ్డు. ట్రాఫిక్ తక్కువ ఉండే పొద్దున పూట, ఎప్పుడూ ఒకే దారి ఎంచుకోండి. నేను ఇంటి దగ్గర్నుంచి హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి, రెండు ఎగ్జిట్‌ల తర్వాత దిగి, సర్వీస్ రోడ్డు మీద వెనక్కి వస్తాను. ఓఆర్ఆర్ మీద ఒకే వేగంతో ఐదు నిమిషాలు, సర్వీస్ రోడ్డులో రెండో గేర్, మూడో గేర్. ఎక్కడైనా ఎత్తు ఎక్కేచోట గేరు మార్చకుండా సగం దాకా తొక్కి ఎక్కించండి, లోడ్ ఎక్కువున్న గళ్లు అక్కడే నిండుతాయి. వేగం పోటీలు అక్కర్లేదు. యాక్సిలరేటర్ మీద కాలు ఎంత నిలకడగా ఉంటే డేటా అంత శుభ్రంగా ఉంటుంది. మొదటిసారి మా బామ్మర్ది ప్రతి అంకెకీ ‘బావా, ఎక్కింది... బావా, దిగింది’ అని కామెంటరీ చెప్పాడు. వద్దని చెప్పండి, ఫైల్ అన్నీ రాసుకుంటుంది.

ఫైల్ తెరిచాక

సీఎస్‌వీని ఫోన్ నుంచి కంప్యూటర్‌కి పంపి, లిబ్రే ఆఫీస్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో తెరవండి. నా ఫైల్‌లో ఒక వరస ఇలా ఉంది: ఆర్‌పీఎమ్ 748, లోడ్ 23.9, కూలెంట్ 91, స్టేటస్ 2, షార్ట్ 0, లాంగ్ 14.8. ఇలాంటివి వందల వరసలు.

ముందు చెత్త ఊడ్చేయాలి. కూలెంట్ 80 కంటే తక్కువున్నవి, స్టేటస్ 2 కానివి ఫిల్టర్ పెట్టి తీసేయండి. గేరు మార్చిన క్షణాల్లో షార్ట్ టర్మ్ పిచ్చిపట్టినట్టు పైకీ కిందికీ ఊగుతుంది, వెనకటి వరసకీ దీనికీ ఆర్‌పీఎమ్ 200కు పైగా తేడా ఉంటే అదీ తీసేయండి. మిగిలినవాటికి పక్కన ‘మొత్తం’ అని ఒక కాలమ్ పెట్టి షార్ట్, లాంగ్ కూడండి. ఇంకో కాలమ్‌లో ఆర్‌పీఎమ్‌ని ఐదొందల మెట్లకి, మరోదాంట్లో లోడ్‌ని పది మెట్లకి కిందికి తగ్గించి రాయండి. ఇప్పుడు పివట్ టేబుల్ వేయండి: అడ్డంగా లోడ్, నిలువుగా ఆర్‌పీఎమ్, గళ్లలో ‘మొత్తం’ సగటు. పక్కనే ఒక్కో గడిలో ఎన్ని వరసలున్నాయో లెక్క కూడా పెట్టండి. ముప్పై కంటే తక్కువ వరసలున్న గడిని నేను నమ్మను.

పివట్ టేబుల్ రాదనుకుంటే పర్వాలేదు. స్లోలో ఒక సగటు, 2500 దగ్గర ఒకటి, హైవేలో ఒకటి, ఎత్తులో ఒకటి, ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసుకోండి. రోగం పట్టుకోవడానికి అవి చాలు.

అంకెలు ఏం చెబుతాయి

మొత్తం ±5 లోపల ఉంటే హాయిగా పడుకోండి. ±10 దాకా సర్దుకుపోవచ్చు, కానీ కన్నేసి ఉంచండి. పది దాటితే వెతకాల్సిందే. అయితే అంకె కంటే అది ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్నదే అసలు సంగతి.

స్లోలో బాగా ప్లస్, ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ తగ్గుతోందంటే గాలి లీక్. మళ్లీ మజ్జిగ దగ్గరకే రండి. గ్లాసెడు మజ్జిగలో చెంబెడు నీళ్లు కలిస్తే ఇక తాగలేం. బిందెడు మజ్జిగలో అదే చెంబెడు కలిస్తే ఎవరికీ తెలియదు. స్లోలో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ, కాబట్టి చీలికలోంచి వచ్చే కొద్దిపాటి గాలి అక్కడ పెద్ద వాటా అవుతుంది.

కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఇది ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండ్లలోనే ఇంత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సెన్సర్ ఫిల్టర్ తర్వాత గొట్టంలో ఉంటుంది, దాన్ని దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు. మన దగ్గర చాలా చిన్న కార్లలో దాని బదులు మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అది మ్యానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో, ఒత్తిడిని కొలుస్తుంది. లీక్ అయితే ఒత్తిడి పెరుగుతుంది, గాలి ఎక్కువ వచ్చిందని దానికి తెలిసిపోతుంది, పెట్రోల్ కూడా ఎక్కువ పోస్తుంది. ట్రిమ్ పెద్దగా కదలదు. దానికి బదులు స్లో స్పీడ్ పెరగడమో, ఎగుడుదిగుడు అవడమో కనిపిస్తుంది. అలాంటి బండిలో మ్యానిఫోల్డ్ ఒత్తిడిని చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ స్లోలో సాధారణంగా 30 నుంచి 40 కిలోపాస్కల్స్ మధ్య ఉంటుంది. 50 చూపిస్తూ ట్రిమ్ మాత్రం చక్కగా ఉంటే ‘అంతా బాగుంది’ అని వదిలేయకండి.

స్లోలో బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు, లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోల్ అందడం లేదు. ఫిల్టర్ మూసుకుపోవడం, పంపు నీరసించడం, ఇంజెక్టర్లలో మడ్డి పేరుకోవడం కారణాలు కావచ్చు. ఎయిర్ ఫ్లో సెన్సర్ తీగ మీద దుమ్ము పేరుకున్నా ఇలాగే ఉంటుంది, ఎక్కువ గాలిని అది తక్కువగా చెబుతుంది. పంపు జోలికి పోయేముందు సెన్సర్ శుభ్రం చేయండి. దానికంటూ అమ్మే స్ప్రే మాత్రమే వాడాలి. గుడ్డ, వేలు, బ్రష్ ఏవీ తగలకూడదు, ఆ తీగ తెగితే కొత్త సెన్సరే గతి.

అన్నిచోట్లా మైనస్ ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. ఇంజెక్టర్ కారడం ఒక కారణం. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్ మూసుకోకపోవడం ఇంకోటి. ట్యాంకు నింపించాక, ఎండలో నిలబెట్టాక మైనస్ మరీ ఎక్కువైతే ముందు పర్జ్ వాల్వ్‌నే అనుమానించండి. స్లోలో ఉండగా దాని గొట్టాన్ని మెల్లగా నొక్కి పట్టుకోండి. ట్రిమ్ వెంటనే సున్నా వైపు నడిస్తే దొంగ దొరికినట్టే.

ఇంకో రెండు మాయలున్నాయి. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు పొగగొట్టం లీకైతే బయటి గాలి లోపలికి చేరి, ‘ఆక్సిజన్ మిగిలింది’ అని సెన్సర్ పొరబడుతుంది. ట్రిమ్ ప్లస్‌లోకి పోతుంది, ఇంజిన్‌లో మాత్రం నిజంగానే పెట్రోల్ ఎక్కువవుతుంది. ప్లగ్గు సరిగ్గా అంటుకోక మిస్సింగ్ ఉన్నా అంతే. కాలని ఆక్సిజన్ బయటికొచ్చి ప్లస్ చూపిస్తుంది. కాబట్టి బండి మిస్ కొడుతుంటే ముందు దాన్ని సరిచేసి, తర్వాత ట్రిమ్ చూడండి.

చీలిక ఎలా దొరికింది

ముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్ దాకా, అక్కడినుంచి మ్యానిఫోల్డ్‌కి పోయే ప్రతి రబ్బరు గొట్టాన్నీ చేత్తో తడిమాను. కంటికి ఏమీ కనిపించలేదు. రబ్బరు గొట్టాలు పైన కాదు, వంపు లోపలి వైపు, నూనె తగిలి మెత్తబడ్డచోట చీలతాయి. వేలు పెట్టి వంచితే గానీ తెరుచుకోవు.

బండి స్టార్ట్ చేసి, అర మీటరు సన్న గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసతో ఒక్కో జాయింటు దగ్గరా విన్నాను. ఫ్యాను, బెల్టులకు దూరంగా. ఇంజిన్ ఊపిరి పీల్చుకునే బ్రీదర్ గొట్టం వంపు దగ్గర ‘ఉస్స్’ అని సన్నగా వినిపించింది. కార్బ్ క్లీనర్ కొట్టి చూడమని చాలామంది చెబుతారు. లీక్ దగ్గర అది లోపలికి పోయి షార్ట్ టర్మ్ ఢమాల్న కిందికి పడుతుంది, నిజమే. కానీ అది అంటుకునే ద్రవం, పక్కనే కాగుతున్న ఎగ్జాస్ట్. నేను చిన్న స్ప్రే సీసాతో కాసిని నీళ్లే చల్లాను, వైరింగు తడవకుండా. చీలిక మీద నీళ్లు పడగానే శబ్దం మారింది. అగరబత్తి పొగ పెట్టి చూడమనే సలహా కూడా విన్నాను. పెట్రోల్ ఆవిరి ఉండేచోట నిప్పు పట్టుకుని తిరగడం తెలివైన పని కాదు.

ఇంజిన్ ఆపి, గొట్టం తుడిచి, చీలిక చుట్టూ కరెంటు టేపు గట్టిగా నాలుగు చుట్లు చుట్టాను. మళ్లీ స్టార్ట్ చేసి స్లోలో చూస్తే లాంగ్ టర్మ్ ఇంకా +14.8 దగ్గరే నిలబడింది. ఒక్క క్షణం నీరుగారిపోయాను. అప్పుడు షార్ట్ టర్మ్ చూశాను: −10.9. రెండూ కూడితే +3.9. వణుకు పోయింది. పాత అలవాటు కొద్దీ ఈసీయూ ఇంకా ఎక్కువే పోస్తోంది, సెన్సర్ ‘చాలు చాలు’ అని కోయిస్తోంది. కొత్త గొట్టం వేసి రెండు రోజులు తిరిగాక లాంగ్ టర్మ్ కూడా కిందికి దిగింది, షార్ట్ టర్మ్ సున్నా చుట్టూ ఆడుకోవడం మొదలుపెట్టింది. ఆక్సిజన్ సెన్సర్ ఇప్పటికీ పాతదే.

మిగిలిన ఆ నాలుగు శాతం

గొట్టం మార్చాక కూడా స్లోలో +3.9, 2500 దగ్గర +3.1 మిగిలాయి. దాదాపు అన్నిచోట్లా ఒకే ప్లస్. దీనికి ఏ లీకూ వెతకక్కర్లేదు, బంకులో దొరికే పెట్రోల్ చాలు. ఇథనాల్ కాలడానికి తక్కువ గాలి చాలు, ఒక పాలుకి 9 పాళ్లే. అందుకే పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి సుమారు 14.1 పాళ్లు, ఇరవై శాతం కలిసినదానికి సుమారు 13.5 పాళ్లు గాలి సరిపోతుంది. మొదటిదాన్ని ‘ఈ10’ అనీ, రెండోదాన్ని ‘ఈ20’ అనీ అంటారు. అంటే అంతే గాలికి ఈ10 కంటే ఈ20 దాదాపు 4 శాతం ఎక్కువ పోయాలి. ఈ20 పెట్రోల్ మన బంకుల్లోకి 2023 ఫిబ్రవరి నుంచి రావడం మొదలైంది. దానికి ముందు తయారైన బండి ఈసీయూ పాత పెట్రోల్ లెక్కతోనే మొదలుపెట్టి, ఆ తేడాను ట్రిమ్‌లో చూపిస్తుంది. అన్నిచోట్లా సమానంగా మూడు నుంచి ఆరు దాకా ప్లస్ ఉంటే నేనైతే బండి జోలికి పోను. మీ దగ్గర 2021 నాటి లాగ్ ఏదైనా ఉంటే పక్కన పెట్టి చూడండి, తేడా కళ్లకు కడుతుంది.

గ్యాస్ కిట్ ఉంటే

సీఎన్‌జీ గానీ ఎల్‌పీజీ గానీ బయట వేయించిన సీక్వెన్షియల్ కిట్ అయితే అదే దారిలో రెండు లాగ్‌లు తీయండి, ఒకటి పెట్రోల్ మీద, ఒకటి గ్యాస్ మీద. ఇలాంటి కిట్ పెట్రోల్ ఈసీయూ లెక్కనే తీసుకుని గ్యాస్ ఇంజెక్టర్ల సమయంగా మారుస్తుంది. పెట్రోల్ మీద +3 ఉన్న గడిలో గ్యాస్ మీద +15 ఉంటే బండికి ఏమీ కాలేదు, కిట్ ట్యూనింగ్ ఆ గడిలో తక్కువ పోస్తోంది. ఆ రెండు పట్టికలు కిట్ వేసినవాళ్ల ముందు పెట్టండి. ‘పికప్ లేదు’ అని నోటితో చెప్పేదానికీ, ‘2000 ఆర్‌పీఎమ్, 60 లోడ్ దగ్గర పన్నెండు శాతం తేడా ఉంది’ అని చూపించేదానికీ వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి. పెట్రోల్ లాగ్ ముందు సరిగ్గా ఉండాలి, అది వంకరగా ఉంటే దాని మీద గ్యాస్‌ని ఎంత సర్దినా వంకరే.

మ్యాప్ మార్చేవాళ్లకు

ఇక్కడ మ్యాప్ అంటే పైన చెప్పిన మ్యాప్ సెన్సర్ కాదు, ఎక్కడ ఎంత పెట్రోల్ పోయాలో ఈసీయూలో రాసి ఉన్న పట్టిక. ఇది అందరికీ కాదు. మార్చుకోగలిగే ఈసీయూ, ఫైల్ రాయగలిగే సాఫ్ట్‌వేర్, తప్పితే వెనక్కి వేసుకోవడానికి ఒరిజినల్ ఫైల్ కాపీ ఉన్నవాళ్లకే. వారంటీ ఉన్న బండిని ముట్టుకోవద్దు.

లెక్క తేలికే. గడిలో ఉన్న విలువను మొత్తం ట్రిమ్ శాతంతో పెంచడమో తగ్గించడమో. 2000 ఆర్‌పీఎమ్, 45 కిలోపాస్కల్స్ గడిలో 62 ఉండి ట్రిమ్ +8 వస్తే, 62ని 1.08తో గుణిస్తే 67. నేనైతే ఒకేసారి అంత వేయను. సగం వేసి, 64.5 పెట్టి, మళ్లీ లాగ్ చేస్తాను. పక్క గళ్లను కూడా అదే వాలులో సర్దాలి, లేకపోతే గడి దాటినప్పుడల్లా బండి కుదుపు ఇస్తుంది. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండికి ఆర్‌పీఎమ్ బదులు గాలి ప్రవాహాన్ని బట్టి గళ్లు కట్టి, సెన్సర్ పట్టికను సరిచేయాలి.

రెండు పనులు మాత్రం చేయకండి. గాలి లీక్ ఉండగా మ్యాప్ మార్చి ట్రిమ్‌ని సున్నా చేయవద్దు. రేపు ఎవరైనా ఆ గొట్టం మార్చినరోజు బండి నల్లపొగ కక్కుతుంది. రెండోది, ఫుల్ యాక్సిలరేటర్ గళ్లను ఈ లాగ్ చూసి సరిచేయవద్దు. అక్కడ ఓపెన్ లూప్, అంటే ఈసీయూ సెన్సర్ మాట వినదు, ట్రిమ్ అంకె మాట్లాడదు. మామూలు ఆక్సిజన్ సెన్సర్ ఎక్కువో తక్కువో చెబుతుంది గానీ ఎంతో చెప్పదు. దానికి వైడ్‌బ్యాండ్ సెన్సర్ కావాలి. ఫుల్ లోడ్‌లో పెట్రోల్ తగ్గితే పిస్టన్ కరిగిపోయేదాకా మీకు తెలియదు.

ఏం మార్చినా ఒక్కసారికి ఒక్కటే మార్చండి. గొట్టం, ఫిల్టర్, ప్లగ్గులు అన్నీ ఒకే ఆదివారం మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మార్చాక యాభై, వంద కిలోమీటర్లు తిరగనిచ్చి, అదే దారిలో, అదే పూట, ఏసీ లేకుండా మళ్లీ లాగ్ తీయండి. ఫైల్ పేరులో తేదీ, మీటర్ రీడింగ్, ఏం మార్చారో రాయండి. పెట్రోల్ ఏ బంకులో, ఎప్పుడు కొట్టించారో కూడా చేర్చండి. నా ఫోల్డర్‌లో ఒక ఫైల్‌కి మా బామ్మర్ది ‘కొత్తది ఫైనల్ 2’ అని పేరు పెట్టాడు. అది గొట్టం మార్చకముందుదా, తర్వాతదా అని ఇప్పటికీ లోపలి అంకెలు చూసే తేల్చుకుంటాను.